ఆటోనగర్‌లో ఒక పూట

విజయవాడ వెళ్ళినవాళ్ళు ఇంద్రకీలాద్రి ఎక్కుతారు, ప్రకాశం బరాజు మీద నిలబడి కృష్ణను చూస్తారు. ఆటోనగర్ చూసి వద్దామనుకునేవాళ్ళు తక్కువ. కిందటి వానాకాలంలో నేను మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళాను. వీధికి రెండు వైపులా లారీలే. ఒకచోట బాడీ కడుతున్నారు, ఒకచోట రంగు వేస్తున్నారు, ఇంకోచోట ఇంజను విప్పి నేలమీద పరిచారు. సుత్తుల మోతలో పక్కవాడి మాట వినిపించదు.

ఆ సందడి మధ్య ఒక చిన్న షెడ్డులో కంప్యూటరుతో నడిచే లేత్ ఉంది. మేము వెళ్ళేసరికి ఒక రైతు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కాలువకు నీళ్ళు వచ్చాయి, పొలం దమ్ము చెయ్యాలి, రోటవేటరేమో కదలటం లేదు. ఆయన చేతిలోని ఇనప బుష్షులో గాడులు అరిగి నున్నగా అయిపోయాయి.

ట్రాక్టరు వెనక ఒక పొట్టి కడ్డీ పొడుచుకుని ఉంటుంది, మీరు చూసే ఉంటారు. దాన్ని పి.టి.ఓ. షాఫ్టు అంటారు. మామూలుగా దాని లావు 35 మిల్లీమీటర్లు. నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. దాని పొడుగునా ఆరు పళ్ళుంటాయి. వాటి పేరు స్ప్లైన్లు. బుష్షులోని ఆరు గాడులలో ఆ పళ్ళు కూర్చుంటేనే ట్రాక్టరు బలం రోటవేటరుకు అందుతుంది. నిమిషానికి 1000 సార్లు తిరిగే షాఫ్టు కూడా ఒకటుంది. పొరపాటున ఒకదానిది మరొకదానికి తగిలించకుండా దానికి 21 పళ్ళు పెట్టారు!

మేస్త్రి కొత్త ఉక్కుముక్కను లేత్‌కు బిగించి, తిప్పుతూ నడుమ రంధ్రం తొలిచాడు. ఆ తరువాత ముక్క తిరగటం ఆగిపోయింది.

"ఆగిపోయిందేం? లేత్ అంటే తిరగాలి గదా!" అన్నాడు మావాడు.

"తిరిగితే గుండ్రంగా కోస్తుంది బాబూ. మనకు కావలసింది నిలువు గాడి," అన్నాడు మేస్త్రి.

ఉలిలాంటి పనిముట్టు రంధ్రంలోకి నేరుగా దూరి, సన్నని పొర లేపి, కాస్త పక్కకు తప్పుకుని వెనక్కు వచ్చింది. వడ్రంగి చిత్రిక పట్టినట్టే ఉంది. లేచే పొర మందం మిల్లీమీటరులో 20వ వంతు! ఆశపడి ఎక్కువ కొయ్యబోతే పనిముట్టు విరుగుతుంది. ఒక గాడికి యాభైకి పైగా తోపులు కావాలి; ఆరింటికి ఎన్నో మీరే లెక్కకట్టండి. ఒక గాడి కాగానే ముక్క 60 డిగ్రీలు తిరిగి మళ్ళీ కట్టేసినట్టు నిలబడేది. ఈ వరసంతా మేస్త్రి ముందే అంకెలలో రాసిపెట్టాడు. 1952లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో, కాగితపు టేపుకు పొడిచిన చిల్లులను చదివి లోహాన్ని కోసే యంత్రాన్ని చూపించారు. ఈ లేత్ ఆ వంశంలోదే.

ఆరో గాడి పూర్తయింది. మేస్త్రి నమూనా షాఫ్టును బుష్షులోకి తోశాడు. అది కొంచెం దూరి ఆగిపోయింది.

"రెండు దెబ్బలు వెయ్యండి మేస్త్రీ, దిగుతుంది. సాయంత్రం దమ్ముకు కూలీలను మాట్లాడుకున్నాను," అన్నాడు రైతు.

"దిగుతుందండీ. కాని బరువంతా ఒకటి రెండు పళ్ళ మీదే పడుతుంది. అవి పోతే మిగిలినవీ పోతాయి. చేలో నడిమధ్య ఆగిపోతే ఏం చేస్తారు?"

మేస్త్రి వెతికితే కారణం దొరికింది. ముక్కను కదలకుండా పట్టి ఉంచవలసిన బ్రేకు వదులైంది. ఒక గాడి కోసేటప్పుడు ముక్క వెంట్రుకవాసి తిరిగింది. తెర మీద మాత్రం అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి! ఆయన బ్రేకు బిగించి, ఇంకో ముక్క తీసుకుని మొదటి నుంచి మొదలుపెట్టాడు. రైతు గడియారం చూసుకోవటం, టీ తాగటం, మళ్ళీ గడియారం చూసుకోవటం. నాకే జాలి వేసింది.

రెండో బుష్షులోకి షాఫ్టు అరచేత్తో తోస్తే దిగిపోయింది. రైతు దాన్ని కండువాలో మూటకట్టుకుని మోటారుసైకిలెక్కాడు.

పాడైన బుష్షును మావాడు అడిగి తెచ్చుకున్నాడు. ఇప్పుడు దానిలో పెన్సిళ్ళు నిలబెట్టుకుంటున్నాడు. తప్పిన గాడి ఏదో ఇద్దరం ఎంత చూసినా కంటికి ఆనటం లేదు.