నిలిచిన గీత

మాది హోసూరు. మా నాయనగారు ఒక చిన్న వర్క్‌షాపులో పెద్ద గాలిపంకాలకు బ్యాలెన్సింగు చేయుదురు. గత వేసవిలో వారు సరిచేసి పంపిన పంకా యొకటి, ఫ్యాక్టరీలో బిగించినది మొదలు అదరసాగెను. రెండు మారులు బేరింగులు పాడయ్యెను. బ్యాలెన్సింగు సరిగా చేయనందుననే ఇట్లయినదనియు, బేరింగుల వెల నాయనగారే ఇచ్చుకొనవలెననియు యజమాని పట్టుపట్టెను. ఆ రాత్రి నాయనగారికి అన్నము సయించలేదు.

మఱునాడు వారు స్ట్రోబు దీపమును, కంపనమును కొలుచు పరికరమును తీసికొని పోవుచు అన్నదమ్ములమగు మమ్మును వెంట రమ్మనిరి. ఇరుసుపై సుద్దతో గీత గీచి యంత్రమును నడిపిరి. ఇరుసు నిమిషమునకు 1,470 మారులు, అనగా సెకనుకు 24.5 మారులు తిరుగుచుండెను. దీపమును సెకనుకు అన్నియే మారులు మెఱపింపగా గీత కదలక నిలిచినట్లు కనబడెను. తమ్ముడు ముట్టబోయెను. నాయనగారు చటుక్కున వాని చేయి పట్టి లాగి, “నిలిచినది ఇరుసు కాదు నాయనా, మన చూపు! ఇనుము తిరుగుచునే యున్నది” అనిరి.

పిమ్మట యంత్రపు ప్రతి అదురునకును దీపము ఒకమారు మెఱయునట్లు అమర్చిరి. ఆ మెఱుపులో గీత ఏ చోట కనబడునో దానిని బట్టి దశ తెలియును. సెన్సారును ఇరుసు పొడవు దిక్కున మోటారు బేరింగుపై ఉంచగా గీత గడియారములో మూడు గంటల చోట కనబడెను. అదే దిక్కున పంకా బేరింగుపై ఉంచగా తొమ్మిది గంటల చోట కనబడెను. అనగా 180 డిగ్రీల భేదము. ఒకటి ముందుకు పోవునపుడు రెండవది వెనుకకు పోవుచున్నది! నడుమనున్న కప్లింగు వరుస తప్పినదనుటకు ఇది ముఖ్య లక్షణమట.

యంత్రమును ఆపి డయల్ గేజితో చూడగా అదియే నిజమయ్యెను. మోటారు పాదముల క్రింద పలుచని రేకులు పెట్టి వరుస సరిచేసి నడుపగా అదురు అణగెను. యజమాని ఏమియు అనలేదు. మా ముగ్గురికిని టీ తెప్పించెను.

ఇంటికి వచ్చి మా భౌతికశాస్త్ర పుస్తకము తెఱచి చూపితిమి. వర్క్‌షాపులో ‘ఫేజు’ అనుదానికి అందు ‘దశ’ యని యున్నది. నాయనగారు ఆ మాటను రెండు మారులు చదువుకొనిరి.

సోదర విద్యార్థులారా! అదురు ఎంత యని మాత్రమే చూచువారికి నిందించుటకు ఒక మనిషి దొరకును. ఎప్పుడు, ఎటు అనియు చూచువారికి దోషము దొరకును.