ఖాళీ కొట్టుకి గిరాకీ

మొన్న ఆఫీసు క్యాంటీన్లో మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు నన్ను పట్టుకున్నాడు. "అన్నా, మీరు ఇదివరకు అద్దె ఇళ్ళ సైటు నడిపారంట కదా? నేనూ ఒకటి చేస్తున్నా. పచ్చళ్ళు అమ్మే సైటు. కోడింగంతా అయిపోయింది, ఇంక మార్కెటింగొక్కటే మిగిలింది" అన్నాడు.

ఆ "ఒక్కటే" వినగానే నవ్వొచ్చింది. కాస్త గుబులూ వేసింది. ఎందుకంటే సరిగ్గా అదే మాట 2023 సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మా నాన్నతో నేనే అన్నాను. టీ తాగే పది నిమిషాల్లో వాడికి అంతా చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

2022లో కంపెనీలన్నీ "ఇంటి దగ్గర పనిచేసింది చాలు, ఆఫీసుకి రండి" అని పిలవడం మొదలెట్టాయి కదా. ఊళ్ళకెళ్ళిన వాళ్ళమంతా ఒకేసారి హైదరాబాదులో దిగాం. నేనూ, మా రూమ్మేటూ కేపీహెచ్‌బీలో గది కోసం మూడు వారాలు తిరిగాం. గేటు మీద టులెట్ బోర్డు చూసి బెల్లు కొట్టడం, "బ్యాచిలర్సా? ఫ్యామిలీకే ఇస్తాం బాబూ" అనిపించుకోవడం. చివరికి ఒక బ్రోకరు తాళం తీసి రెండు గదులు చూపించి, అందుకు ఒక నెల అద్దె తీసుకున్నాడు. ఆ రాత్రి చాప మీద పడుకుని మావాడు "ఒరే, దీనికో సైటు పెడితే పోలా?" అన్నాడు. ఇంజనీరింగ్ చదివినవాళ్ళకి ఏ కష్టమొచ్చినా తట్టేది అదే కదా :)

శని ఆదివారాలు, రాత్రుళ్ళు కూర్చుని మూడు నెలల్లో సైటు తయారు చేశాం. మ్యాపు, ఫిల్టర్లు, ఓటీపీతో లాగిన్, అన్నీ ఉన్నాయి. పేజీ రెప్పపాటులో తెరుచుకునేది. పోటీలో ఎవరున్నారో తెలియక కాదు. నైంటీనైన్ ఏకర్స్ 2005 నుంచీ, మ్యాజిక్‌బ్రిక్స్ 2006 నుంచీ ఉన్నాయి. నోబ్రోకర్ 2014లో మొదలై 2021కల్లా వంద కోట్ల డాలర్ల కంపెనీ అయింది. అయినా మా ధీమా మాది. మా సైటు వాళ్ళ సైట్లకన్నా శుభ్రంగా ఉంది, జనం చూస్తే ఇటే వస్తారు అనుకున్నాం.

జనం చూడలేదు. మొదటిరోజు 212 మంది వచ్చారు. అందులో సగం మేమూ, మా చుట్టాలూనూ. నాలుగోరోజు తొమ్మిది మంది. హతవిధీ!

సరే, ప్రకటనలిద్దాం అనుకున్నాం. గూగుల్లో ప్రకటన అంటే వేలంపాట. ఎంతకి పాడామన్నదొక్కటే చూడదు. జనం మన ప్రకటన నొక్కే అవకాశం ఎంత, నొక్కాక వచ్చే పేజీ పనికొచ్చేదేనా అన్నవి కూడా లెక్కేస్తుంది. మా పేజీలో ఇళ్ళే లేవు, ఇంక పనికిరావడమేమిటి? 8,000 రూపాయలు ఐదు రోజుల్లో అయిపోయాయి. నాలుగు వందల చిల్లర క్లిక్కులు వచ్చాయి, ముగ్గురు నమోదు చేసుకున్నారు.

అప్పుడు కాగితం మీద లెక్క వేస్తే తెలిసొచ్చింది. పెద్ద సైటుకి ఒక మనిషి వస్తే అద్దె ఒప్పందం, సామాను తరలింపు, గోడలకి రంగులు, యజమానికి ప్రత్యేక ప్యాకేజీ, ఇలా అమ్ముకోవడానికి నాలుగు దారులున్నాయి. కాబట్టి క్లిక్కుకి వాళ్ళు ఎంత పెట్టినా ఎక్కడో ఒకచోట తిరిగొస్తుంది. మాకు తిరిగొచ్చేది సున్నా. వేలంలో మనం ఎంతవరకూ పాడగలమన్నది మన జేబు చెప్పదండీ, ఒక్కో మనిషి మీద మనకొచ్చే రాబడి చెబుతుంది. ఇది నాకు ఏ బ్లాకు డయాగ్రాములోనూ కనపడలేదు మరి.

పోనీ ప్రకటనలు మానేసి మామూలు వెతుకులాటలో పైకి వద్దామా? "కేపీహెచ్‌బీలో రెండు బెడ్రూముల ఇల్లు" అని వెతికితే పెద్ద సైట్లకి ప్రతి ఏరియాకీ, ప్రతి సైజుకీ ఒక్కో పేజీ సిద్ధంగా ఉంది. ఏళ్ళ తరబడి ఇతర సైట్లు వాటికి లింకులిచ్చి ఉన్నాయి. మా ఖాళీ పేజీకి ఎవడు లింకిస్తాడు? "వెయ్యి లింకులు, ఇంత రేటు" అంటూ మెయిళ్ళు మాత్రం రోజూ వచ్చేవి. కొన్న లింకులతో పైకెక్కేవాళ్ళని కిందకి తొయ్యడానికే గూగుల్ 2012లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చిందని చదివున్నాను కాబట్టి ఆ గోతిలో మాత్రం పడలేదు.

ఇంకో పెద్ద గోతిలో పడ్డాం. ఈ కథ రాయడానికి అసలు కారణం అదే.

అద్దె ఇళ్ళ సైటుకి చెట్టు ముందా విత్తు ముందా అన్న తగువు తప్పదు. ఇళ్ళు లేకపోతే అద్దెకి దిగేవాళ్ళు రారు. వాళ్ళు రాకపోతే యజమానులు ఇళ్ళు పెట్టరు. మా రూమ్మేటు ఎక్కడో చదివిన సంగతి తెచ్చాడు. రెడ్డిట్ 2005లో మొదలైనప్పుడు దాన్ని పెట్టినవాళ్ళే రకరకాల పేర్లతో లింకులు పెట్టేవారట. తర్వాత ఆ మాట వాళ్ళే బయటకి చెప్పుకున్నారు. "అంతటివాళ్ళే చేశారు, మనకేం పోయింది?" అన్నాడు. నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే నాకూ కావలసింది ఎవరో ఒకరు ఆ మాట అనడమే.

గది కోసం తిరిగినప్పుడు తీసిన ఫోటోలు మా ఫోన్లలో ఉన్నాయి. వాటితో నలభై ఇళ్ళు "పెట్టాం". అన్నీ ఎప్పుడో ఎవరో దిగిపోయినవే. ఎవరైనా ఫోన్ చేస్తే "అయ్యో, ఇప్పుడే అయిపోయిందండీ, మీ నంబరివ్వండి, ఇంకోటి రాగానే చెప్తాం" అనాలి, అదీ మా పథకం. అలా నంబర్లు పోగేసి, వాటిని చూపించి యజమానుల్ని తెస్తాం అన్నమాట. ఎత్తు పారింది కూడా. గ్రాఫు పైకి లేచింది. రోజుకి 9 నుంచి 130కి వచ్చాం. ఆ గ్రాఫుని స్క్రీన్‌షాట్ తీసి మా నాన్నకి వాట్సాప్‌లో పంపాను. అది తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

2023 ఏప్రిల్లో ఒక ఆదివారం పొద్దున్న ఐదూ నలభైకి ఫోన్ మోగింది. "అన్నా, జేఎన్‌టీయూ మెట్రో దగ్గర సింగిల్ రూమ్, 8,500 అని పెట్టారు కదా. నరసరావుపేట నుంచి బస్సులో ఇప్పుడే దిగాను. ఎటు రావాలి?" అన్నాడొక అబ్బాయి. ముందురోజు మావాడికి మెసేజ్ పెట్టాడట. మావాడు రిలీజు హడావిడిలో చూసుకోలేదు. జవాబు రాకపోయినా, సైటులో గది ఇంకా కనిపిస్తోంది కదా అని బయల్దేరాడు. సోమవారం ఉద్యోగంలో చేరాలి.

నిద్రమత్తులో అలవాటు ప్రకారం "ఇప్పుడే అయిపోయింది తమ్ముడూ" అన్నాను. అవతల ఒక క్షణం మౌనం. "ఇంకా తెల్లారలేదు కదన్నా... ఇప్పుడెవరు తీసుకున్నారు?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

బైకేసుకుని వెళ్ళాను. మెట్రో స్టేషన్ మెట్ల మీద ఒక బ్యాగు, చుట్టిన పరుపు, ప్లాస్టిక్ బకెట్టు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. బకెట్లో వాళ్ళమ్మ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా. మా గదికి తీసుకొచ్చాను. తొమ్మిది రోజులు మాతోనే ఉన్నాడు. మూడోరోజు రాత్రి తిన్నాక ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆ గది ఎప్పుడో నాలుగు నెలల కిందట అయిపోయిందనీ, మేం కావాలనే పెట్టామనీ. తిడతాడనుకున్నా. కాసేపు ప్లేటు వైపే చూసి "సైటు బాగుందన్నా. అందుకే నమ్మాను" అన్నాడు.

మూడు నెలలు మేం అంత ముచ్చటపడి చేసిన డిజైను చివరికి దేనికి పనికొచ్చిందయ్యా అంటే, మా అబద్ధాన్ని నమ్మించడానికి. రెడ్డిట్ వాళ్ళతో మమ్మల్ని పోల్చుకోవడంలో తప్పెక్కడుందో కూడా అప్పుడే అర్థమైంది. వాళ్ళు పెట్టిన పేర్లు దొంగవేమోగానీ లింకులు నిజమైనవి. నొక్కినవాడికి చదవడానికి ఏదో దొరికింది. మా దాన్ని నొక్కినవాడికి దొరికింది తెల్లవారుజామున మెట్రో మెట్లు.

ఆ రాత్రే నలభై ఇళ్ళూ తీసేశాను. నిజమైనవి నాలుగు మిగిలాయి. మావాడికీ నాకూ వారం రోజులు మాటల్లేవు. "గ్రాఫు లేస్తున్నప్పుడు కూల్చేశావురా" అన్నాడు. వాడి కోపంలో అన్యాయం లేదు. వాడి డబ్బులూ అందులో ఉన్నాయి.

తర్వాత చేసింది చాలా చిన్న పని. హైదరాబాదు మొత్తాన్ని వదిలేసి కేపీహెచ్‌బీ ఆరో ఫేజు, దాని చుట్టుపక్కల వీధులు, అంతే. అదీ బ్యాచిలర్లకిచ్చే గదులు మాత్రమే. ప్రతి శనివారం ఇద్దరం చెరోవైపు నడుస్తాం. బోర్డు కనపడితే బెల్లు కొడతాం. ఒప్పుకుంటే ఫోటో తీసి తేదీ వేస్తాం. వచ్చే శనివారం మళ్ళీ వెళ్ళి చూస్తాం. సైటు పైన ఒకే వాక్యం రాశాం: "ఇక్కడున్న ప్రతి గదినీ పోయిన శనివారం మేమే చూసొచ్చాం." 2009లో ఎయిర్‌బీఎన్‌బీ వాళ్ళు కూడా న్యూయార్కు వెళ్ళి ఇల్లిల్లూ తిరిగి తామే ఫోటోలు తీశారు. ఆ కథ ముందే చదివాను. చదివినప్పుడు బాగుందనుకుని వదిలేశాను, ఎందుకంటే అందులో నడక ఉంది, కోడు లేదు.

ఆ నడకలోనే ఒకావిడ దగ్గర అసలు పాఠం దొరికింది. మూడంతస్తుల ఇల్లు, గేటు దగ్గర కరివేపాకు చెట్టు.

"మీకు కమీషనెంత బాబూ?"

"ఏం లేదాంటీ."

"ఏమీ తీసుకోకుండా ఎండలో తిరుగుతున్నారా? అలాంటివాళ్ళంటేనే నాకు భయం."

నవ్వేసి, ఇదివరకు ఆన్‌లైన్లో పెట్టారా అని అడిగాను. అంతే, ఆవిడ మొదలెట్టారు. పెట్టారట. నాలుగు రోజుల్లో గది అయిపోయిందట. కానీ రెండు నెలల తర్వాత కూడా ఫోన్లు ఆగలేదట, రాత్రి పదకొండింటికి కూడా. తీయించడం ఎలాగో ఆవిడకి తెలియదు. "జనం రాక కాదు బాబూ నా బాధ. బోర్డు కడితే వాళ్ళే వస్తారు. గది అయిపోయాక రాకుండా ఉండాలి" అన్నారు.

ఇన్నాళ్ళూ మేం యజమానులకి "మీకు ఎక్కువమంది ఫోన్ చేస్తారు" అని చెప్పుకుంటున్నాం. వాళ్ళకి కావలసింది సరిగ్గా దానికి తిరగేసి! ఆ వారమే ఒక ఏర్పాటు చేశాం. గది అయిపోగానే మా నంబరుకి మిస్డ్ కాల్ ఇస్తే చాలు, సైటులోంచి ఇల్లు తీసేస్తాం, ఆవిడ నంబరూ మాయమవుతుంది. నలభై లైన్ల కోడు. మా మ్యాపుకన్నా, ఫిల్టర్లకన్నా అదే పనికొచ్చింది. ఆంటీ గుళ్ళో ఇంకో ఇద్దరికి చెప్పారు, వాళ్ళు ఎదురింటివాళ్ళకి చెప్పారు. ఒక్కొక్కటి 35 రూపాయలు పెట్టి టులెట్ బోర్డులు చేయించి, కింద మా సైటు పేరూ, క్యూఆర్ కోడూ వేసి ఉచితంగా ఇచ్చాం. గేటుకి వేలాడే ఆ బోర్డుకి క్లిక్కుకింత అని కట్టక్కర్లేదు కదా.

2023 చివరికి నెలకి పాతిక, ముప్ఫై గదులు నిండేవి. నరసరావుపేట తమ్ముడు తన ఆఫీసు గ్రూపులో పెట్టడం వల్ల వచ్చినవాళ్ళూ అందులో ఉన్నారు. నేను అడగలేదు, తనే పెట్టాడు.

ఇక్కడితో ఆపేస్తే గెలిచిన కథలా ఉంటుంది. కానీ డబ్బులు రాలేదండీ. కమీషన్ తీసుకోమని చెప్పే కదా ఇళ్ళు తెచ్చాం. నా వాటా 1,60,000 రూపాయలు పోయాయి. 2024లో మావాడికి పుణె బదిలీ అయింది. ఒక్కడినే ఆరో ఫేజంతా తిరగలేక రెండు శనివారాలు తప్పాను. మూడో వారం సైటు పైనున్న ఆ వాక్యం అబద్ధమైపోయిందని గమనించి, జూన్‌లో మూసేశాను. ఇంకో శనివారం పెట్టుకుని బోర్డుల మీది క్యూఆర్ స్టిక్కర్లన్నీ పీకేసి వచ్చాను. ఆంటీ మజ్జిగిచ్చి "మళ్ళీ ఎప్పుడు పెడతారు బాబూ?" అని అడిగారు. మా పెద్ద పోటీదారుల్ని అలా ఎవరైనా అడుగుతారా అని ఆలోచించుకుంటూ ఇంటికొచ్చాను. డబ్బులు పోయిన బాధ అయితే తగ్గలేదు లెండి.

పచ్చళ్ళ కుర్రాడు ఇదంతా వినలేదు. టీ అయిపోయేలోపు ఒక్కటే అడిగాను. "నీ పచ్చడి మొదట కొనే పదిమంది ఎవరో పేర్లు చెప్పు."

"పేర్లంటే... యూఎస్‌లో ఉండే తెలుగువాళ్ళన్నా" అన్నాడు.

"అది పేరు కాదు తమ్ముడూ" అన్నాను.

నిన్న మళ్ళీ కనిపించాడు. ముగ్గురి పేర్లు రాసుకొచ్చాడు. అందులో ఒకటి వాళ్ళ పిన్నిది. పర్లేదు, మిగతా ఇద్దరితో మొదలెట్టమన్నాను.