కాలేజీ గేటుకి ఇవతల

థీసిస్ బైండింగులో తొందరపెట్టలేనిది జిగురొక్కటే. కుట్టు త్వరగా వేయొచ్చు. అంచులు కోత మిషన్లో పెడితే చిటికెలో తెగుతాయి. బంగారు అక్షరాలకి అచ్చు కూర్చేదాకానే ఆలస్యం, తర్వాత ఒక్క ఒత్తుడు. జిగురు మాత్రం ఆరాల్సినప్పుడే ఆరుతుంది. పైగా మాది బాపట్ల. సూర్యలంక సముద్రం తొమ్మిది కిలోమీటర్లు. అటునుంచి వచ్చే గాలిలో ఉప్పూ చెమ్మా రెండూ ఉంటాయి. ముసురు పట్టిందంటే, రాత్రంతా ప్రెస్సు కింద బిగించిన పుస్తకం కూడా తెల్లారేసరికి చేతికి తేమగానే తగులుతుంది. సరిగ్గా అలాంటి రోజునే ఎవరో ఒక పిల్లాడు వచ్చి “ఆంటీ, పదిన్నరకి గైడ్ సంతకం పెట్టించుకోవాలి” అంటాడు. వాడి ముఖం చూస్తే రెండేళ్ల చదువంతా నా అట్ట దగ్గరే ఆగినట్టుంటుంది. టేబుల్ ఫ్యాన్ పెట్టి, పాత పేపర్లు మార్చి మార్చి చుట్టి, ఎలాగో చేసిస్తాను.

ఈ పని నాకు మా మామగారు నేర్పారు. రేపల్లె దగ్గర పల్లెటూరి నుంచి నేను కోడలిగా వచ్చేనాటికి ఆయన మిల్లుల వాళ్లకి చిట్టా, ఆవర్జా పుస్తకాలు కట్టేవారు, కాలేజీ పిల్లలకి రికార్డులు బైండు చేసేవారు. మగవాళ్లు కోతా అట్టలూ చూసుకుంటే, ఫారాలు మడిచి కుట్టే పని ఇంట్లో ఆడవాళ్లం చేసేవాళ్లం. ఆయన పోయి, మా ఆయన జిరాక్స్ మిషన్ కొన్నాక బైండింగు పూర్తిగా నా చేతికొచ్చింది.

మైదా జిగురు కాచేటప్పుడు అందులో చిటికెడు మైలుతుత్తం వేయాలి. మామగారు చెప్పిన పద్ధతి. ఎందుకని అడిగితే, పురుగు చేరదు, బూజు పట్టదు అనేవారు. చాలా ఏళ్ల తర్వాత ప్లాంట్ పాథాలజీ చదివే అమ్మాయి ఒకతె నేను జిగురు కాస్తుంటే చూసి “బోర్డో మిశ్రమంలో మేం వేసేదీ ఇదే కదా ఆంటీ!” అంది. మైలుతుత్తంలో ఉన్న రాగి శిలీంధ్రాన్ని చంపుతుందట. దాన్ని సున్నంతో కలిపి కొట్టడం ఫ్రాన్స్‌లో ద్రాక్షతోటల బూజు తెగులు కోసం మొదలైందట. జిగురు గిన్నె ముందు నిలబడి ఆ పిల్ల పావుగంట సేపు చెప్పింది. చిన్న కాలేజీ ఊళ్లో బతకడంలో సుఖమేమిటని ఎవరైనా అడిగితే నాకు మొదట గుర్తొచ్చేది ఇదే. చదువు గేటు దాటి నడుచుకుంటూ మన గుమ్మంలోకి వస్తుంది. పలకరించే ఓపిక మనకుండాలి.

మా వ్యవసాయ కళాశాలని 1945లో పెట్టారు. అప్పటికి మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చాక దాని కిందికి వెళ్లింది, ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయం ఆచార్య ఎన్జీ రంగా పేరు మీద ఉంది. 1981లో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. వ్యవసాయ ఇంజనీరింగుకీ ఫుడ్ సైన్సుకీ విడిగా కాలేజీలున్నాయి. 2011 జనాభా లెక్కల్లో ఊరు మొత్తం 70 వేల పైచిలుకు. అంత ఊరికి ఇన్ని కాలేజీలంటే రాబడీ ఖర్చూ అన్నీ సెమిస్టర్ల లెక్కనే నడుస్తాయి. పరీక్షల ముందు నా కొట్లో నిలబడే చోటుండదు. సెలవులిచ్చారంటే మా వీధి టిఫిన్ బండాయన పెసరట్టు పిండి సగమే రుబ్బిస్తాడు, మెస్ వాళ్లు వంటమనుషుల్ని ఇళ్లకి పంపేస్తారు. మేడ మీద రూములు అద్దెకిచ్చే పెద్దావిడ సాయంత్రం నా దగ్గరికొచ్చి “కాలేజీ ఎప్పుడు తెరుస్తారే?” అని అడుగుతుంది. ఆవిడకి అద్దె ఒక్కటే బెంగ కాదు. రాత్రిపూట పైన పిల్లల మాటలు వినపడుతుంటే గానీ నిద్ర పట్టదావిడకి.

హైదరాబాదులో ఉన్న మా చుట్టాలు “అక్కడేముందని ఉంటున్నారు?” అంటారు. ఇంటి నుంచి కొట్టుకి నడిచే వెళ్తాను. మధ్యాహ్నం అన్నం ఇంట్లో వేడిగా తింటాను. చేపలు సూర్యలంక నుంచి పొద్దున్నే వస్తాయి. విజయవాడ–చెన్నై లైను మీద ఉన్నాం గనక రైలుకి లోటు లేదు. సాయంత్రం మనసు బాగోకపోతే భావనారాయణ స్వామి గుడికి వెళ్లి కాసేపు కూచుంటే సరి. ఇవి చిన్న విషయాలని నేననుకోను. రోజూ రెండు గంటలు బస్సులో నిలబడే మా చెల్లెలు కూడా అనుకోదు.

వ్యవసాయ కాలేజీ పిల్లలు కలుపు మొక్కలు సేకరించి హెర్బేరియం చేయాలి. మొక్కని వేళ్లతో సహా పీకి, మట్టి దులిపి, పాత పేపర్ల మధ్య పెట్టి, రోజూ పేపర్లు మారుస్తూ ఆరబెట్టి, దళసరి షీటు మీద అంటించి, కింద శాస్త్రీయ నామం, కుటుంబం, దొరికిన చోటు, తేదీ రాయాలి. ఆ షీట్లన్నీ కుట్టి అట్ట వేయడానికి నా దగ్గరికొస్తాయి. రాజస్థాన్ నుంచి ఐసీఏఆర్ సీటు మీద వచ్చిన అమ్మాయి ఒకసారి బల్ల మీద షీట్లు పరిచి సరిచూసుకుంటోంది. ఆధార్ కార్డు జిరాక్సుకి వచ్చిన కూలిపనుల ఆవిడ వంగి చూసి “గలిజేరు కదమ్మా ఇది, ఎర్రగలిజేరు. ఇట్టా ఎండబెట్టి అంటించుకుంటారా? మేం పప్పులో ఏసుకుంటాం” అంది. ఆ పిల్లకి తెలుగు అంతంతమాత్రం. షీటు కింద బోరేవియా డిఫ్యూజా అని అందంగా రాసుంది, స్థానిక నామం రాయాల్సిన చోట ఖాళీ. నాకొచ్చిన హిందీతో మధ్యలో నిలబడ్డాను. ఇద్దరూ ఒక్కో షీటూ తిప్పడం మొదలుపెట్టారు. తుంగ, ఊద, గరిక, ఉత్తరేణి. వయ్యారిభామ షీటు రాగానే ఆవిడ ముంజేతులు చాపి దద్దుర్ల మచ్చలు చూపించింది. మిరప చేలో అది పీకినప్పుడల్లా అంతేనట. ఆ అమ్మాయి పెన్ను తీసి ఆ సంగతి కూడా రాసుకుంది. వెళ్లేటప్పుడు ఆవిడ జిరాక్సు డబ్బులు ఆ అమ్మాయే ఇచ్చింది.

బాగులేనివీ చెప్పాలి. అర్ధరాత్రి గుండెల్లో నొప్పి వస్తే పెద్ద ఆసుపత్రికి గుంటూరే గతి, 50 కిలోమీటర్లు. మా మామగారిని కారులో వేసుకుని వెళ్లిన రాత్రి ఆ దూరం ఎంతో నాకు తెలిసింది. ఇన్ని కాలేజీలున్న ఊరికి ఆ రాత్రివేళ వైద్యం అందుబాటులో ఉండాలని అడగడం అత్యాశ కాదు. ఇక రెండోది పని. నా పిల్లలిద్దరూ ఇక్కడే ఇంజనీరింగ్ చదివారు. అబ్బాయి హైదరాబాదు, అమ్మాయి బెంగళూరు. చదువు చెప్పి పంపే ఊరే గానీ చదివినవాళ్లని నిలుపుకునే ఊరు కాలేకపోతోంది. చుట్టూ వరి, వేరుశనగ, జీడిమామిడి ఉన్నాయి, పక్కనే సముద్రం ఉంది, వాటిని శుద్ధి చేసి నిలవ పెట్టడం నేర్పే కాలేజీ ఊళ్లోనే ఉంది. ఆ నేర్చిన పిల్లలు ఇక్కడే చిన్న యూనిట్లు పెట్టుకునేలా అప్పూ షెడ్డూ ఇచ్చేవాళ్లుంటే, కనీసం కొందరైనా ఆగుతారని నా నమ్మకం. అలా ఆగాలనుకుని, తిరిగి తిరిగి, చివరికి బ్యాంకు ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయిన పిల్లలు నాకు తెలుసు.

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా కేంద్రమైంది. ఆఫీసులొచ్చాయి, ఉద్యోగులొచ్చారు, నాకూ ఫైళ్ల పని పెరిగింది. దాంతోపాటే అద్దెలూ పెరిగాయి. ఇద్దరుండే గదిలో ఇప్పుడు ముగ్గురూ నలుగురూ సర్దుకుంటున్నారు. ఇళ్లవాళ్లని తప్పుపట్టలేను, వాళ్లకీ ఖర్చులున్నాయి. కానీ ఇన్నేళ్లుగా ఈ ఊరికి అన్నం పెట్టింది పిల్లలు కట్టిన అద్దెలూ, మెస్ బిల్లులే. ఆ సంగతి మరిచిపోకూడదు.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 1977 ఉప్పెన చూసిన పెద్దవాళ్లు ముందురోజు నుంచే మమ్మల్ని తొందరపెట్టారు. నా కొట్లో కింద పేర్చి ఉన్నవన్నీ కాగితం కట్టలూ స్ట్రాబోర్డులే. స్ట్రాబోర్డు నీళ్లు తాకితే ఉబ్బిపోతుంది, మళ్లీ దేనికీ పనికిరాదు. రూముల్లో ఉంటున్న కుర్రాళ్లు నేను పిలవకముందే వచ్చి, వానలో తడుస్తూ, కట్టలన్నీ అటక మీదికి ఎక్కించారు. కరెంటు పోయాక మా ఇన్వర్టరు దగ్గర వాళ్ల ఫోన్లన్నీ బారుగా పెట్టాను, ఇళ్లకి మాట్లాడుకోవాలి కదా. వాన వెలిశాక వాళ్లలో కొందరు పొలాలు చూసి రావడానికి వెళ్లారు. కోతకొచ్చిన వరి నేలకి పడుకుని నీళ్లలో నానుతోంది. నాలుగో ఏడు పిల్లలు రావెప్ అనే పల్లె శిక్షణ కింద పల్లెల్లో ఉండి రైతుతో కలిసి పనిచేస్తారు. వాళ్లకి ఆ పొలాల యజమానులు పేరుపేరునా తెలుసు. తిరిగొచ్చాక ఒకబ్బాయి అన్నం కూడా సరిగా తినలేదు. మనుషులు ఒకరికొకరు తెలియడమంటే సంతోషమే కాదు, ఆ బాధ కూడా ఉంటుంది.

ఊరి బతుకు బాగుందో లేదో నేను చూసే గుర్తు ఒకటుంది. రాత్రి ఎనిమిదిన్నరకి ఒక ఆడపిల్ల రికార్డు తీసుకోవడానికి ఒంటరిగా నా కొట్టుకొచ్చి, ఒంటరిగా తిరిగి వెళ్లగలదా? వెళ్లగలిగితే ఊరు బాగున్నట్టే. మా వీధిలో ఇప్పటికి వెళ్లగలుగుతోంది. పోలీసులు ఉన్నారనే ధైర్యం ఒక్కటే కాదది. మలుపులో టీ కొట్టు ఉంటుంది, దాని ఎదురుగా మందుల షాపు, ఆ పక్కన అరుగు మీద ఎవరో ఒకరు కూచునుంటారు. అందరూ ఆ పిల్లని ముఖం పట్టి ఎరుగుదురు. వీధిదీపం ఆరిపోయిన రోజున మాత్రం నేనే లేచి తోడు వెళ్తాను, మర్నాడు పొద్దున్నే మునిసిపాలిటీకి ఫోన్ చేస్తాను, దీపం వెలిగేదాకా చేస్తూనే ఉంటాను.

నా బల్ల మీదికొచ్చే థీసిస్‌లలో బీపీటీ 5204 అన్న పేరు ఎన్నిసార్లు చూసి ఉంటానో. బాపట్లలో తయారైన వరి అది. జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి రకాల సంకరం. 1986లో విడుదలైంది. అందరూ తినే సాంబ మసూరి ఇదే. దానికి ఆకు ఎండు తెగులు బెడద ఉంటే, తట్టుకునే జన్యువులు చేర్చి హైదరాబాదు శాస్త్రవేత్తలు మెరుగుపరిచిన రకాన్ని 2008లో విడుదల చేశారు. ఇదంతా నేను పేజీల వరుస సరిచూస్తూ చదివి తెలుసుకున్నదే. మా ఇంట్లో రోజూ వండే బియ్యం కథ, నా చేతుల మీదుగానే పోతోంది, కానీ అంతా ఇంగ్లిషులో.

ఒకరోజు పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సుకి ఒక రైతు వచ్చాడు. బల్ల మీద విప్పి ఉన్న థీసిస్‌లో ఊళ్ల పట్టిక ఉంది. ఇంగ్లిషు అక్షరాలు కూడబలుక్కుని “ఇది మా ఊరి పేరే కదమ్మా” అన్నాడు. వెద పెట్టిన వరి మీద రైతుల అభిప్రాయాలు అడిగి రాసిన థీసిస్ అది. “నన్నూ అడిగారు. చేలోనే కూచుని రాసుకున్నారు. చివరికి ఏం తేల్చారంట?” నా దగ్గర జవాబు లేదు. అదృష్టం కొద్దీ రాసినబ్బాయి సాయంత్రం వస్తానన్నాడు. రైతు కూడా మళ్లీ వచ్చాడు. కాలవ నీళ్లు ఆలస్యమవడం, నాట్ల కూలి పెరగడం చూసి రైతులు వెదకి మారారనీ, మారాక కలుపే పెద్ద సమస్యగా ఉందనీ, మందు సరైన రోజున కొట్టినవాళ్లకి ఖర్చు తగ్గిందనీ అబ్బాయి చెప్పాడు. “నాట్లకి కూలీలు దొరక్కే వెద పెట్టాం బాబూ. కలుపుకి మళ్లీ వాళ్ల కాళ్లే పట్టుకుంటన్నాం” అన్నాడు రైతు. ఏ మందు, విత్తాక ఎన్నో రోజు, నీళ్లు ఎంత ఉండాలి అని ఒక్కొక్కటీ అడిగి పాసుపుస్తకం జిరాక్సు వెనకాల రాయించుకున్నాడు.

ఆ రైతు సమాధానాలు లేకపోతే ఆ థీసిస్ లేదు. అయినా దానిలో తేలిందేమిటో అతనికి చేరే దారి లేదు. ఇప్పుడు థీసిస్‌లు కృషికోశ్ అనే ఆన్‌లైన్ భాండారంలో సాఫ్ట్ కాపీలుగా కూడా పెడుతున్నారు, మంచిదే. నాకు గట్టి అట్ట కాపీలు తగ్గినా బాధ లేదు. కానీ అక్కడా ఇంగ్లిషే. అందుకని ఆ రోజు నుంచి బైండింగుకొచ్చిన ప్రతి పిల్లనీ పిల్లాడినీ అడుగుతున్నాను, రైతుకి పనికొచ్చే సంగతి రెండు పేజీల తెలుగులో రాసివ్వమని. డీటీపీ నాది, కాగితం నాది, పిన్ను కొట్టి కౌంటర్ మీద పెట్టడం నాది, డబ్బులేమీ వద్దు. తెలుగు రాయడం అలవాటు తప్పిందని కొందరు వెనకాడతారు. ఇక్కడే కూచోబెట్టి, వాళ్లు చెబుతుంటే మా ఆయన టైపు చేస్తారు. ఒకరిద్దరు గైడ్లు కూడా చదివి దిద్దిచ్చారు. వెద వరి కాగితాలు అన్నిటికంటే ముందు అయిపోయాయి, ఇంకో కట్ట తీయాలి. మినుములో పల్లాకు తెగులు మీద పనిచేసిన అబ్బాయి తనది ఆదివారం తెచ్చిస్తానన్నాడు.