అంగడి నాటి మాత్ర

రోగనిరోధక శక్తి గురించి తెలుగులో ఏది చదివినా యుద్ధభాషే కనిపిస్తుంది. తెల్ల రక్తకణాలు సైనికులు, సూక్ష్మజీవులు శత్రువులు, శరీరమొక కోట. కరోనా కాలంలో ఈ పరిభాష మరీ ముదిరింది. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కనుక రూపకాల మీద నాకు అనుమానం ఎక్కువే. మానవశాస్త్రవేత్త ఎమిలీ మార్టిన్ ఈ సైనిక భాషను 1990లలోనే ప్రశ్నించింది. కానీ ఆ ప్రశ్న నాకు పుస్తకాల కంటే ఎక్కువగా ఎల్లారెడ్డిలో మా చిన్నమ్మ వేళ్ల దగ్గర ఎదురయింది.

చిన్నమ్మ ముప్ఫై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. మా కామారెడ్డి, నిజామాబాద్ వైపు ఏ వాడకు వెళ్లినా ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించే ఆడవాళ్లు కనిపిస్తారు. ఆమె వేళ్లు వాచినప్పుడు అందరూ ఒకటే మాట అన్నారు: బీడీల పనికి కీళ్ల నొప్పులు మామూలే. ఆడవాళ్ల నొప్పికి ‘మామూలే’ అన్న పేరు పెట్టాక ఇక పరీక్షలెవరు చేయిస్తారు? అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలడానికి మూడేళ్లు పట్టింది.

“పొద్దుగాల వేళ్లు ముడుసుకపోతయ్ బిడ్డా. నా ఒళ్లే నన్ను తింటుందంట. నేనేం పాపం జేసిన?” అని అడిగింది.

సైనికులే తిరగబడ్డారని చెబితే ఆ పాపభావన ఇంకా పెరుగుతుంది. అందుకని కణాల పుట్టుక నుంచి మొదలుపెట్టాను. రోగనిరోధక కణాలకు మూలం ఎముకల మజ్జ. వాటిలో టి కణాలయ్యేవి రొమ్ము ఎముక వెనకున్న థైమస్ గ్రంథికి చేరి అక్కడ ఎదుగుతాయి. ఆ గ్రంథి పనేమిటో 1961లో జాక్ మిల్లర్ చూపించేదాకా దాన్ని పనికిరాని అవశేషం అనుకున్నారు. ఏ కణం దేన్ని గుర్తుపడుతుందన్నది చాలావరకు యాదృచ్ఛికం. సొంత శరీరాన్నే గట్టిగా పట్టుకునే కణాలను థైమస్ ఏరేస్తుంది. చాలా కొద్ది కణాలే బయటికొస్తాయి.

“కార్ఖానాల కట్టలు సూసి బాగలేని బీడీలు తీసేసినట్టు,” అంది చిన్నమ్మ. “ఎంత సూసినా కొన్ని తప్పిపోతయ్.”

అవును, తప్పిపోతాయి. అలాంటి వాటిని నిలవరించడానికి వేరే టి కణాలుంటాయని షిమోన్ సకాగుచి 1995లో చూపించాడు. వాటి ఎదుగుదలకు కీలకమైన జన్యువును మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ 2001లో గుర్తించారు. ఈ ముగ్గురికీ 2025లో నోబెల్ వచ్చింది. లొల్లి పెట్టేవాళ్లను ఆపే కణాలవి అని చెబితే, “సర్దిచెప్పే పని ఆడ గూడ ఉన్నదా?” అని నవ్వింది. నిజానికి సొంత ఒంటి మీదికే వచ్చే ఈ జబ్బుల్లో రోగులు అయిదుగురిలో దాదాపు నలుగురు స్త్రీలే. దీనికి మన రెండు ఎక్స్ క్రోమోజోములూ, హార్మోన్లూ కొంత కారణం కావచ్చంటున్నారు. పాపం ఎక్కడా లేదు.

డాక్టరు రాసిన మందు మెథోట్రెక్సేట్. దాని కథలో మన తెలుగువాడొకడున్నాడు, యల్లాప్రగడ సుబ్బారావు. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసినట్టు 1945లో ప్రకటించిన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకుడాయన. విభజన చెందే కణాలకు ఫోలిక్ ఆమ్లం కావాలి. దాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్ కూడా అక్కడే తయారయింది. లుకేమియాలో రోగనిరోధక కణాలు కావలసినవి సగం ఎదిగి, అక్కడే ఆగి, లెక్కలేకుండా పెరుగుతాయి. అలాంటి పిల్లలకు అమినోప్టెరిన్ కొంతకాలం ఉపశమనం ఇచ్చిందని సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రచురించాడు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. ఈ కీళ్ల జబ్బుకు తక్కువ మోతాదులో వాడడానికి 1988లో అమెరికా అనుమతించింది.

ఈ కథను సుబ్బారావుతో మొదలుపెట్టడం మనకు అలవాటు. అంతకుముందే, 1928లో, లూసీ విల్స్ అనే బ్రిటిష్ డాక్టరు బొంబాయి వచ్చి గర్భిణుల రక్తహీనతను పరిశీలించింది. వాళ్లలో బట్టల మిల్లుల కార్మికులున్నారు. ఈస్ట్ సారంతో ఆ రక్తహీనత నయమవుతుందని 1931లో రాసింది. ఆ సారంలో ఉన్నది ఫోలిక్ ఆమ్లమేనని తర్వాత తెలిసింది. పేర్లు ఎక్కడా కనపడని ఆ గర్భిణుల రక్తం నుంచి మా చిన్నమ్మ మాత్రల దాకా ఒక దారి ఉంది.

ఆ దారి చివర్న జరిగింది కూడా చెప్పాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే మింగాలి. రోజూ మింగితే మజ్జలో కణాల పుట్టుకే దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది. చీటీ ఇంగ్లీషులో ఉంది. మందుల షాపతను “రాత్రికొకటి” అన్నాడట. చిన్నమ్మ వరసగా రెండు రాత్రులు మింగింది. మూడో రోజు చీటీ నా కంటబడింది. వెంటనే డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించాం. ప్రమాదమేమీ జరగలేదు.

ఇప్పుడామె అంగడి నాడే ఆ మాత్ర వేసుకుంటుంది. వాడలో ఇదే మందు వాడే మరో ఇద్దరికీ తనే ఆ గుర్తు చెప్పింది. అందులో ఒకామె కోడలి వయసుది. ఈ మందు వాడుతూ గర్భం దాల్చకూడదని ఆమెకెవరూ చెప్పలేదు. చిన్నమ్మ ఆమెను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి పోయింది.

మనం పరిభాష గురించి సదస్సుల్లో గంటలు గంటలు మాట్లాడతాం. వారానికి ఒక్కసారే అన్న మాటను మందు డబ్బా మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో, చదువురానివాళ్ల కోసం ఒక బొమ్మతో వేయించమని అడగడం కూడా పరిభాష పనే. అడగాల్సినవాళ్లలో మనమూ ఉన్నాం.