పీనసపు బాధ – ఇంట చేయదగిన యుపశమనము

మార్గశిర మాసము వచ్చినది మొదలు మా తరగతిగదిలో పాఠముకంటె ముక్కు చీదుటయే యెక్కువగా వినబడును. పగటి యెండ, తెల్లవారుజామున చలి, బాటల దుమ్ము – ఇవి కర్నూలువారికి క్రొత్తవి కావు. పడిశము నాలుగు దినములలో దిగిపోయినచో చింత లేదు. అది దిగక చెక్కిళ్లును కనుబొమలును బరువెక్కి, తల వంచినప్పుడు నొప్పి హెచ్చి, చిక్కని చీమిడి గొంతులోనికి జారుచుండినచో దానిని మన పెద్దలు పీనసమనిరి; ఆసుపత్రులలో సైనసైటిస్ అందురు. ఈ బాధ మాకు ఏటేట వచ్చు చుట్టము. దానిని సాగనంపుటలో మేము చేసిన యొక తప్పును, పిమ్మట నేర్చుకొనిన కొన్ని సంగతులను విద్యార్థులకును వారి తలిదండ్రులకును విన్నవించుచున్నాము.

ముక్కు చుట్టునున్న యెముకలలో నాలుగు జతల గాలిగదులు కలవు. వానిలో చెక్కిలి గదిని ఇంగ్లాండు దేశపు వైద్యుడు నథానియేల్ హైమోర్ 1651లో వర్ణించెను. ఈ గదులలో పలుచని జిగట ద్రవము ఊరుచుండును. కంటికి కానరాని నూగు దానిని ఇరుకైన ద్వారము గుండ ముక్కులోనికి నెట్టుచుండును. చెరువునకు తూము అడుగున నుండును గదా! చెక్కిలి గదికో, ద్వారము పైభాగమున నున్నది. అందుచే ద్రవము తనంతట జారిపోదు. నూగు దానిని పైకి మోసికొని పోవలయును. పడిశముచే ద్వారము వాచి మూసికొనినచో ద్రవము నిలిచి నొప్పి పుట్టును. కావున ఇంట మనము చేయు ఉపాయములకు ముఖ్యప్రయోజన మొక్కటే: వాపు తగ్గువరకు ఆ దారిని తడిగాను తెరపిగాను ఉంచుట.

ఈ సంగతిని నల్లబల్లపై బొమ్మ గీసి యెన్నియో యేండ్లు బోధించితిమి. అయినను కొన్ని సంవత్సరముల క్రిందట ఒక రాత్రి నొప్పి భరింపలేక, గిన్నెడు మరుగునీటిలో నీలగిరి తైలము వేసికొని, నేలపై కూర్చుండి దుప్పటి కప్పుకొని ఆవిరి పట్టుచుంటిమి. 4 ఏండ్ల మా చిన్నవాడు దాగుడుమూతలనుకొని దుప్పటిలో దూరెను. గిన్నె ఒరిగి నీరు వాని తొడపై పడెను. ఆ కేక నేటికిని మా చెవులలో నున్నది. పొరుగింటి అవ్వ సిరా పూయుమనెను. మా యింటివారు వినక, వానిని కొళాయి క్రింద కూర్చుండబెట్టి 20 నిమిషములు చల్లని నీరు పారించి, పిమ్మట ఆసుపత్రికి కొనిపోయిరి. దేవుని కృపచే పుండు మానెను, మచ్చ మిగిలెను. లాగు క్రింద ఆ మచ్చ కానవచ్చినపుడెల్ల మేము చెప్పిన పాఠము మాకే యప్పగింపబడినట్లుండును.

ఆవిరి రోగమును మాన్పదు. కొందరికి కొంతసేపు హాయి నిచ్చును, అంతియే. ఆ హాయి వేడినీటి స్నానమువలనను, గోరువెచ్చని తడిగుడ్డను చెక్కిళ్లపై నుంచుటవలనను అపాయము లేక లభించును. పిల్లలకు గిన్నెతో ఆవిరి పట్టనేరాదు. కర్పూరము, మెంథాల్ కలిసిన లేపనములు ముక్కు తెరచుకొనినట్లు చల్లదనము తోపింపజేయును గాని నిజముగా వాపును తీయవు. కర్పూరము కలిసినవానిని రెండేండ్ల లోపు బిడ్డలకు పూయరాదు.

మాకు మిక్కిలి మేలు చేసినది ఉప్పునీరు. మంచినీటిని కళపెళ ఒక నిమిషము మరగించి, మూతపెట్టి గోరువెచ్చన కానిచ్చి, పావు లీటరునకు అర టీచెంచాడు మెత్తని ఉప్పును, చిటికెడు వంటసోడాను కలుపవలెను. పళ్లెముపైకి వంగి, తల ఒక ప్రక్కకు వాల్చి, నోటితో ఊపిరి తీయుచు, కడిగిన కొమ్ముచెంబుతో పై ముక్కురంధ్రమున మెల్లగా పోసినచో క్రింది రంధ్రమునుండి కారిపోవును. మరగించుట మానరాదు. త్రాగిన హాని చేయని యొక అమీబా ముక్కు గుండ మెదడునకు ప్రాకి ప్రాణము తీయగలదు. మిక్కిలి అరుదైనను, 2024, 2025 సంవత్సరములలో కేరళలో అట్టి మరణములు సంభవించినవి.

ఇంత తేలికయా యని నవ్వువారు కలరు. సిరియా సేనాధిపతియగు నయమానును అట్లే కోపపడెను. యొర్దానులో ఏడు మారులు స్నానము చేయుమన్న మాట అతనికి చిన్నదిగా తోచెను. మా యింటికి వచ్చువారును ఉప్పునీటి మాట విని పెదవి విరిచి, అంగడికి పోయి ఆంటిబయాటిక్ బిళ్లలు కొందురు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి యాజమాన్యమున అమెరికాలో జరిగిన పరిశోధనలనుండి 1948లో ఆరియోమైసిన్ వెలువడెను. అట్టి మందులు బాక్టీరియాను చంపును. పీనసమో, పెక్కుమారులు వైరసువలన కలుగును. వైరసుపై అవి పనిచేయవు. ఊరక మ్రింగినచో నిజమైన అక్కరనాటికి అవి పనికిరాకుండ పోవచ్చును.

అయితే గృహచికిత్సకు హద్దు కలదు. 10 దినములైనను తగ్గకున్నను, తగ్గి మరల జ్వరముతో తిరుగబెట్టినను వైద్యుని చూడవలెను. కంటి చుట్టు వాచినను, వస్తువులు రెండుగా కనబడినను, మెడ బిగిసినను, తీవ్రమైన తలనొప్పితో మతి తప్పినను ఆ రాత్రియే ఆసుపత్రికి పోవలయును. మధుమేహము గలవారికి చెంప తిమ్మిరెక్కినను, ముక్కునుండి నల్లని స్రావము వచ్చినను ఒక పూటయు ఆగరాదు. 2021లో కరోనా పిమ్మట నల్ల ఫంగస్ ఎందరి కన్నులను తీసికొనిపోయెనో మనము చూచితిమి.

ప్రియ విద్యార్థులారా! ఈ చలికాలమున మీ యింట ఎవరైనను ముక్కు పట్టుకొని మూల్గినచో, నీరు కాచి ఇచ్చుట మీ వంతు. కాగిన గిన్నెను తమ్ముని చేతికందని చోట ఉంచుటయు మీ వంతే. మొదటిది మేము ఎరిగియే యుంటిమి. రెండవది మా బిడ్డ తొడ మాకు నేర్పినది.