అవ్వ చెప్పిన చరిత్ర

మా దొడ్డబళ్ళాపురానికి ఆ పేరెలా వచ్చిందో మా అవ్వ చెప్పేది. ఒక ఆవు రోజూ పుట్టమీద బళ్ళెడు పాలు కార్చేదట. ఆ వింత చూసి ఆవతి ప్రభువులు అక్కడ కోట కట్టించారట. బళ్ళ అంటే కొలపాత్ర. నేను బడిలో చదివింది కన్నడం. ఈ కథ విన్నది మాత్రం తెలుగులో.

ఆవతి ప్రభువులు కంచి వైపునుంచి వలస వచ్చిన మొరసు ఒక్కలిగులని ఐతిహ్యం. 1537లో బెంగళూరు కోట కట్టించిన కెంపేగౌడదీ ఆ వంశమే అంటారు. ఆయన తెలుగులో 'గంగాగౌరీ విలాసం' అనే యక్షగానం రాశాడని ప్రతీతి. అంటే ఈ నేలమీద తెలుగు నిన్న మొన్న బతుకుతెరువుకు వచ్చిన భాష కాదు.

1638 ప్రాంతంలో బిజాపురంవారు వచ్చారు. తర్వాత మొగలులు, 1761లో హైదరలీ. ఊరు చేతులు మారినప్పుడల్లా దఫ్తరాల భాషా మారింది. చివరికి 'పాళెగారిక' అంటే దౌర్జన్యం అనే అర్థమే మిగిలింది.

ఇది మనకొక్కరికే జరగలేదు. ఫ్రాంకు రాజుల లాటిన్ చరిత్రల్లో సరిహద్దు సీమ అక్విటేన్‌ను ఏలిన వైఫర్ ప్రభువు మాట తప్పినవాడుగా కనిపిస్తాడు. 768లో అతను హతుడయ్యాడు. ఆ చరిత్ర రాసింది గెలిచినవారి ఆస్థానం.

ఆస్థానాలు మన అవ్వల మాటలు రాయవు. మా వీధి పిల్లలు ఇంట్లోనూ కన్నడమే మాట్లాడుతున్నారు. అది తప్పని నేననను. కానీ ఇంట్లో అవ్వ ఉన్నవాళ్ళు ఆమె చెప్పే ఊరి కథను ఆమె తెలుగులోనే, దిద్దకుండా, రాసి ఉంచండి.