మెక్సికో నగరమున నేలనాడి

మెక్సికో నగరమునకు పోయి స్వాతంత్ర్య దేవతా స్తంభమును చూచువారు శిఖరముననున్న బంగారు దేవతకంటె ముందు మెట్లను చూడవలెను. 1910లో స్తంభమును నిలిపినప్పుడు లేని మెట్లు పదునాలుగు తరువాత చేర్చబడినవి. స్తంభము పైకి లేవలేదు. అది లోతైన పునాదిపై నిలిచియుండగా చుట్టునున్న వీధియే క్రుంగిపోయినది. మేమా మెట్లెక్కి దిగి, పిదప ప్రధాన చర్చికి పోతిమి. అచ్చటి నేల ఒక ప్రక్కకు వాలియున్న సంగతి కన్నులకంటె ముందు పాదములకు తెలిసినది.

కారణము పాతది. ఈ నగరమున్న చోట పూర్వము సరస్సుండెను. దాని నడుమ దీవిపై ఆజ్టెకులు తమ రాజధాని టెనోచ్టిట్లానును కట్టుకొనిరి. 1521లో స్పెయిన్‌వారు దానిని జయించి, శిథిలములపైననే తమ పట్టణమును లేపి, క్రమముగ సరస్సునీటిని బయటికి మరలించిరి. నీరు పోయెను గాని అడుగున పదులకొలది మీటర్ల మందమున బంకమన్ను మిగిలినది. ఆ మంటిలో మంటికంటె నీటి బరువే ఎక్కువ. పొయ్యిమీదినుండి దింపిన జున్నుగిన్నెను కదపి చూచిన మన సోదరీమణులకు ఈ నేల స్వభావమును వేరుగ వర్ణింప నక్కరలేదు. గిన్నె ఒక్కమారు కదలిన చాలును, జున్ను చాలసేపు ఊగును.

1985 సెప్టెంబరు 19వ తేదీ ఉదయము, దూరముననున్న పసిఫిక్ తీరమున గొప్ప భూకంపము పుట్టెను. నగరమునకది మూడువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. కొండప్రక్కల గట్టినేలపై నివసించువారికి పెద్ద హాని కలుగలేదు. సరస్సునేల మాత్రము రెండు సెకనులకొక ఊపుగ ఊగుచుండెను. ఉయ్యాలను దాని ఊపు ననుసరించి తట్టిన కొలది అది పైపైకి పోవునుగదా! ఆ ఊపునకు సరిపడు మేడలు, అనగా ఆరు మొదలు పదునైదు అంతస్తులవి, ఎక్కువగ కూలినవి. పొట్టి పాత ఇండ్లు అనేకము నిలిచినవి. 1956లో కట్టిన నలుబదినాలుగంతస్తుల లాటిన్ అమెరికా గోపురమును నిలిచినది. వేలకొలది జనులు మరణించిరి.

శాన్ అంటోనియో అబాద్ వీధిలో కుట్టుపని చేయు స్త్రీ విగ్రహమొకటి కలదు. అచ్చటి దుస్తుల కర్మాగారములలో తెల్లవారగనే పనికి కూర్చున్న స్త్రీలు వందలకొలది ఆ శిథిలముల క్రింద పడిపోయిరి. బ్రతికినవారు ఆ సంవత్సరముననే ఆ తేదీ పేరిట తమ సంఘమును స్థాపించుకొనిరి. మేమచ్చట చాలసేపు నిలిచితిమి. ఏ నేల ఎట్లూగునో ముందుగ తెలిసికొను మార్గమేది యను ప్రశ్న మాకు అచ్చటనే పుట్టినది.

కుండ కొనునప్పుడు వ్రేలితో కొట్టి చూతుము. నేలనట్లు కొట్టవలెనన్న మందుగుండు పేల్చవలెను. జనసమ్మర్దమైన వీధిలో అది పొసగదు. అయితే నేలను కొట్టనక్కరలేదు. సముద్రములలో అలలు మోదుచుండును, లారీలు రైళ్లు పోవుచుండును, గాలికి చెట్లు ఊగుచుండును. వీనిచే నేల రేయింబవళ్లు మనకు తెలియనంత సూక్ష్మముగ వణకుచునే యుండును. పూర్వము శాస్త్రజ్ఞులు చాలమంది దీనిని వట్టి రొద యని త్రోసివేసెడివారు. 1989లో జపాను రైల్వేల పరిశోధకుడు యుటాకా నకమురా దీనిని ఉపయోగించు సులభమార్గమొకటి ప్రచారమునకు తెచ్చెను. ప్రక్కలకు కలుగు వణకును క్రిందుమీదుగ కలుగు వణకుతో భాగించిన, ఒకానొక ఊపువద్ద ఆ నిష్పత్తి హెచ్చుగ లేచును. అదియే ఆ చోటి నేల ఊపు.

ఒకనాటి ఉదయము ఉద్యానవనములో ఆ పనినే చూడగలిగితిమి. విద్యార్థిని యొకతె తాంబూలపు పెట్టెయంత యంత్రమును నేలపై సమముగ కూర్చుండబెట్టి, అరగంటసేపు దానిచెంతకు నడువవద్దని మమ్ము వేడుకొనినది. మాలో ఒకరు నవ్వవచ్చునా యని యడిగిరి. పిదప ఆమె చూపిన గీత కొండశిఖరమువలె ఒకచోట లేచియుండెను. ఇట్టి యంత్రములు రెంటిని దూరదూరముగ నుంచి, దినములకొలది వణకును పోల్చిన, ఒకచోటినుండి మరియొకచోటికి అల పోవుటకెంత కాలము పట్టునో తేలును. అందువలన అడుగుపొరల మెత్తదనము, మందము ఊహింపవచ్చునని ఆమె చెప్పినది.

2017లో, మరల అదే సెప్టెంబరు 19న, ఇంకొక భూకంపము వచ్చినది. ఈసారి కేంద్రము దగ్గర, ఊపు వడిగలది. సరస్సు అంచులలో, ఇంచుమించు సెకనునకొకమారు ఊగు నేలపైనున్న తక్కువ అంతస్తుల ఇండ్లకు దెబ్బ తగిలినది. కావున ఊరంతకు ఒకే లెక్క చాలదు. వీధివీధి నాడి చూడవలెను. చూచినదానినే మరల చూడవలెను. త్రాగునీటికై నూతులనుండి నీరు తోడుకొలది బంకమన్ను అణగి గట్టిపడుచు, నేల ఊపు ఏటేట కొంచెము మారుచున్నదట.

మేము బస చేసిన మేడ ఆరంతస్తులది. ఆ వీధి ఊపెంతయని యడుగగా విద్యార్థిని పటముపై వ్రేలుపెట్టి, "సెకనునకు కొంచెము మించును" అనినది. ఆ రాత్రి ఇల్లుగలామె గుమ్మము ప్రక్కన చెప్పులు, చేతిదీపము, తాళపుచెవులు సర్ది పరుండుట చూచి, మా చెప్పులనుగూడ వానిచెంతనే యుంచితిమి.